ఇరవై ఏడో వరుస

నా కోడలి సంచీ నేనే సర్దాను. తనకి సర్దుకోవడం రాక కాదు, తీరిక లేక. గురువారం సాయంత్రం బడి నుంచి వచ్చి, భుజానున్న బ్యాగు కూడా దించకుండా పొయ్యి వెలిగించి, ఒక చేత్తో కూర కలుపుతూ, చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని ఎవరో పిల్లాడి తల్లికి సమాధానం చెబుతూ, "అత్తయ్యా, ఆ నీలం సంచీ దించి నాలుగు జతలు పడేయండి, చాలు" అంది. పది రోజులకి నాలుగు జతలు ఏ మూలకి? ఏడు పెట్టాను. తువ్వాలు, దువ్వెన, తలనొప్పి మాత్రలు, ఫోను వైరు, సూదీ దారం. మూశాక, మాత్రలు పెట్టానా లేదా అని అనుమానం వచ్చి తెరిచాను. ఉన్నాయి. మూశాను. మళ్ళీ తెరిచాను.

"ఆ సంచీ ఎక్కడికీ పారిపోదులే అమ్మా" అన్నాడు మా అబ్బాయి సోఫాలోంచి.

సంచీ పారిపోతుందని కాదు నా భయం. నా ఎనిమిదో ఏట మా అమ్మ చంటి తమ్ముణ్ణి భుజాన వేసుకుని, చేతిలో గుడ్డసంచీతో గుమ్మంలో నిలబడి, "ఆస్పత్రికెళ్ళి రేపొచ్చేస్తాం, పొయ్యి చూస్తూ ఉండు" అంది. తమ్ముడొక్కడే వచ్చాడు, వేరేవాళ్ళ చేతుల్లో. అప్పటినుంచీ నేను పొయ్యి చూస్తూనే ఉన్నాను. మా ఆయన ఆస్పత్రికి వెళ్ళినప్పుడు ఆయన సంచీ కూడా నేనే సర్దాను. సంచీ వచ్చింది. అందుకని మా ఇంట్లో ఎవరు ఎక్కడికి బయల్దేరినా నాకు కాలు నిలవదు. వంటింటికీ గుమ్మానికీ మధ్య తిరుగుతూనే ఉంటాను.

కోడలు వెళ్ళేది శిక్షణకి. వాళ్ళ బడిలో మార్కుల రిజిస్టర్లు తీసేసి, మార్కుల సాఫ్ట్‌వేరు అని ఒకటి పెట్టి ఏడాది దాటింది. ఒక్కో బడి నుంచీ ఒక టీచరు వెళ్ళి దాని లోతుపాతులు నేర్చుకుని, వచ్చి మిగతావాళ్ళకి నేర్పాలి. పద్దెనిమిదేళ్ళ ఉద్యోగంలో తనని ఎంచి పంపడం ఇదే మొదటిసారి. ఆ కబురు చెప్పిన రోజున మా అబ్బాయి, "మార్కులు టైపు చెయ్యడానికి పది రోజుల ట్రైనింగా? మా అమ్మకి చెప్పినా చేస్తుంది" అన్నాడు. అది నన్ను మెచ్చుకోవడం కాదని నాకూ తెలుసు, తనకీ తెలుసు. ఒక్క మాటతో ఇద్దరు ఆడవాళ్ళని దించెయ్యడం వాడికి వాళ్ళ నాన్న నుంచి వచ్చిన విద్య.

నిజానికి నాకు ఆ పని కొంచెం వచ్చు. బడి మొహం చూడని దాన్ని. సరుకులు చుట్టిచ్చిన కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. తమ్ముడి పలక కడిగిపెట్టే పని నాదే కాబట్టి, కడిగే ముందు దాన్ని చదివేదాన్ని. పెళ్ళయ్యాక మా అత్తగారు, "అక్షరాలు నమిలితే కడుపు నిండదమ్మాయ్" అనేది. మా ఆయన నా చేతిలోంచి పేపరు లాక్కుని, "చదివి ఎవర్ని ఉద్ధరిస్తావ్? ముందు ఆ కిటికీ చూడు" అనేవాడు. కిటికీ చట్రం మీద వేలితో రాసి, అంటిన దుమ్ము నా మొహం ముందు పెట్టి, మాట్లాడకుండా నిలబడేవాడు. ఇల్లంతా అద్దంలా ఉన్నా ఆయన వేలు మాత్రం నేను తుడవని చోటికే వెళ్ళేది. నలభై రెండేళ్ళ కాపురంలో ఒక్కసారైనా "అయిందా, బాగుంది" అన్న గుర్తు లేదు.

కోడలు అలా కాదు. నేను చదవగలనని తెలిసిన రోజునే నన్ను బల్ల దగ్గర కూర్చోబెట్టేసింది. వంటయ్యాక, అంట్లయ్యాక, పరీక్ష కాగితాల కట్ట నా ముందు, ల్యాప్‌టాప్ తన ముందు. నేను నంబరూ మార్కూ చదవాలి, తను కొట్టాలి. తెర మీద నలభై ఒక్క వరుసలు, వరుసకొక పిల్ల లేక పిల్లాడు. అడ్డంగా పది కాలమ్‌లు, ఒక్కో పరీక్షకి ఒకటి. చివర్లో సగటు, అదంతట అదే వేసుకుంటుంది. అది చూస్తే నాకు సరదాగానూ ఉండేది, దిగులుగానూ ఉండేది. నలభై ఒక్కమందికీ తలా ఒక వరుస! నా పేరున ఎక్కడా ఒక్క గీతైనా లేదు.

పిల్లలకి తను పెట్టుకున్న పేర్లు వేరే. నాలుగో నంబరు 'కునుకు', పన్నెండు 'తుమ్ముల మహారాజు', ముప్ఫై ఒకటి 'రబ్బరు దొంగ'. ఇరవై ఏడు 'ఎందుకమ్మ'.

"ఏం చెప్పినా ఎందుకు అంటుంది అత్తయ్యా. మైనస్‌ని మైనస్‌తో గుణిస్తే ప్లస్ ఎందుకు? సరే, చెప్పాను. మరి అప్పుకి అప్పు తోడైతే ఆస్తి ఎందుకవదు మేడమ్ అంది. ఆరోజు గంట కొట్టారు కాబట్టి బతికిపోయాను."

ఆ పిల్ల తండ్రి మార్కెట్టు వెనక సందులో తాళాలు బాగుచేస్తాడు. తల్లికి కడుపులో ఆపరేషన్ అయ్యి మంచాన పడితే, ఈ పిల్లే బడి మానేసి వంటా, తల్లినీ చూసుకుంది. పది పరీక్షల్లో మూడే రాసింది. డెబ్భై నాలుగు, అరవై ఎనిమిది, డెబ్భై ఒకటి. మిగతా ఏడు గడులూ ఖాళీ. "తల్లి లేచి తిరుగుతోంది. ఇరవై ఐదో తారీఖు సోమవారం నుంచి బడికొస్తుంది. నేనూ ఆరోజుకి వచ్చేస్తాగా, తనకి విడిగా పరీక్షలు పెడతా" అంది కోడలు.

శుక్రవారం పొద్దున బయల్దేరే ముందు, ఆఖరి పరీక్ష కాగితాల కట్ట బల్ల మీద పెట్టి మొగుణ్ణి అడిగింది. "దిద్దడం అయిపోయింది. మార్కులు ఎక్కించడమే. మంగళవారం మధ్యాహ్నానికల్లా ఎక్కాలి. అక్కడ పగలంతా ఫోన్లు బయట పెట్టించేస్తారట. కాస్త చూడవా?"

"ఆఫీసులో పది గంటలు చూసే స్క్రీను చాలదా నాకు? అమ్మ ఉందిగా, ఖాళీగానే ఉంటుంది."

కోడలు నా వంక చూసింది. నేను అప్పుడు వాడి చొక్కాకి గుండీ కుడుతున్నాను.

"చేస్తానులేవే" అన్నాను. తను నాకు పాస్‌వర్డ్ కాగితం మీద రాసిచ్చింది. ఏ మీట నొక్కాలో రెండుసార్లు చూపించింది. "కట్ట పైనున్న జాబితాలో మార్కు ఉన్నచోట మార్కు కొట్టండి. గీత ఉన్నచోట వదిలేయండి" అంది. తర్వాత సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగిపోయింది. మలుపు తిరిగేదాకా కిటికీలోంచి చూశాను. చూసి, చూపు తిప్పుకునేసరికి కూర అడుగంటింది.

శని, ఆదివారాల్లో మార్కులన్నీ ఎక్కించేశాను. వేలితో ఒక్కో అంకె వెతుక్కుంటూ, ఎక్కించినదాన్ని కాగితంతో మూడుసార్లు పోల్చుకుంటూ. గీత ఉన్నచోట వదిలేశాను. అయితే ఆ ఖాళీ గడులు నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. మొత్తం పదకొండు. ఎందుకమ్మవి ఏడు, తుమ్ముల మహారాజువి రెండు, కునుకుదీ రబ్బరు దొంగదీ ఒక్కోటి. వాటి చుట్టూ ఎర్ర గీత. పైన ఎర్రటి అక్షరాల్లో 'అసంపూర్ణం' అని. బట్టలు ఉతుకుతూ ఆ మాట గుర్తొచ్చి లోపలికి వచ్చి తెర చూసేదాన్ని. ఉండేది. అంట్లు తోముతూ వచ్చి చూసేదాన్ని. ఉండేది. ఎవరో వేలికి అంటిన దుమ్ము చూపిస్తూ, మాట్లాడకుండా నా ముందు నిలబడ్డట్టే ఉండేది.

మంగళవారం పదకొండున్నరకి మా అబ్బాయి ఆఫీసు నుంచి ఫోను.

"అమ్మా, ఆ మార్కులు పూర్తి చేశావా లేదా?"

"చేశాను నాన్నా. పదకొండు మాత్రం..."

"ఆ పదకొండు కోసమే హెడ్మాస్టరు నన్ను చంపుకుతింటున్నాడు. బడి మొత్తానికి మీ ఆవిడ క్లాసొక్కటే ఎర్రగా ఉందండీ, పైవాళ్ళు అడుగుతున్నారండీ అని రెండుసార్లు చేశాడు. మీటింగులోంచి లేచి బయటికొచ్చా."

"అవి ఖాళీగా వదిలెయ్యమంది రా."

"అది అక్కడ హాయిగా కూర్చుంది, తిట్లు నాకు. ఏదో ఒకటి పెట్టి మూసెయ్యమ్మా. వచ్చాక అది చూసుకుంటుంది."

కోడలికి ఫోను చేశాను. మోగలేదు. మళ్ళీ చేశాను. పన్నెండయింది, ఒంటిగంటయింది. గ్యాసు కట్టేశానా అని చూశాను. తలుపు గడియ చూశాను. వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాను. ఏదో ఒకటి అంటే ఏది? రాయని పరీక్షకి నలభై వేస్తే అబద్ధం. సున్నా అయితే అబద్ధం కాదు కదా, ఏమీ లేకపోవడమూ సున్నా కావడమూ ఒకటే కదా అనుకున్నాను. బతుకంతా నాకు అలాగే చెప్పారు మరి. ఏం చదివావ్? ఏమీ లేదు. ఏం సంపాదించావ్? ఏమీ లేదు. అంటే సున్నా. పదకొండు సున్నాలు కొట్టాను. నిదానంగా, ఒక్కోటీ సరిచూసుకుంటూ.

ఎర్ర గీతలు పోయాయి. తెర పైన పచ్చగా ఒక టిక్కు గుర్తు వచ్చి, 'పూర్తయింది. ధన్యవాదాలు' అని కనిపించింది.

సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అరవై తొమ్మిదేళ్ళలో నా పని పూర్తయిందని నాతో మొదటిసారి అన్నది ఆ యంత్రం. లేచి వెళ్ళి టీ పెట్టుకుని, చాలా ఏళ్ళ తర్వాత కూర్చుని తాగాను.

ఎనిమిదింటికి కోడలు ఫోను చేసింది. "అన్నీ ఎక్కించేశా, పచ్చగా వచ్చింది" అని గొప్పగా చెప్పాను.

"పచ్చగా ఎలా వస్తుంది అత్తయ్యా? ఖాళీలున్నాయిగా."

"హెడ్మాస్టరు గోల పెడుతున్నాడని సున్నాలు పెట్టానే."

తను గదిలోంచి బయటికి నడిచి తలుపు మూసిన చప్పుడు వినిపించింది.

"ఇరవై ఏడు చివర సగటు ఎంతుందో చూడండి" అంది. గొంతు మామూలుగానే ఉంది. అదే నన్ను భయపెట్టింది.

ఇరవై ఒకటి ఉంది. మొన్నటిదాకా డెబ్భై ఒకటి.

అప్పుడు చెప్పింది. ఖాళీ గడిని ఆ సాఫ్ట్‌వేరు లెక్కలోకి తీసుకోదట. రాసిన మూడింటికే సగటు వేస్తుంది. సున్నా పెడితే రాసి తప్పినట్టు. పదింటికీ పంచేస్తుంది. సగటు ముప్ఫై ఐదు కిందికి పడితే, ఎవరూ నొక్కక్కర్లేకుండానే తల్లిదండ్రుల ఫోనుకి మెసేజి వెళ్ళిపోతుంది.

"ఏమని?"

"మీ అమ్మాయి సగటు ఇరవై ఒకటికి పడిపోయింది, పై తరగతికి అర్హత లేదు అని."

చెప్పినట్టు నొక్కి, ఏడు సున్నాలూ చెరిపేశాను. మిగతా నాలుగు కూడా. డెబ్భై ఒకటి మళ్ళీ వచ్చింది. "బాగైపోయిందని ఇంకో మెసేజి వెళ్తుందిగా?" అని అడిగాను.

"వెళ్ళదు అత్తయ్యా. పడితే చెబుతుంది గాని, లేస్తే చెప్పదు."

మా ఇంటి మనుషులే చేశారేమో దాన్ని అనిపించింది. ఆ మాట పైకి అనలేదు. కోడలు ఫోను పెట్టేసి, అరగంటకి మళ్ళీ చేసింది. తాళాలాయనకి నాలుగుసార్లు ఫోను చేసిందట, ఎత్తలేదట. "పొద్దున్నే బస్సెక్కి వచ్చేస్తాను" అంది. పక్కనుంచి విన్న మా అబ్బాయి, "రమ్మను, రమ్మను. నేను ముందే చెప్పానా, ఇవన్నీ మనకెందుకని" అన్నాడు. వాడి మొహంలో కోపం లేదు. ఏదో తేలికపడ్డట్టుంది. అది చూశాక నాకు ఎక్కడలేని మొండితనం వచ్చింది.

"నువ్వు రావద్దు. నేను చేసిన పని, నేనే వెళ్ళి చెబుతా."

"నువ్వా? సందు చివర కొట్టుకెళ్ళాలంటేనే పదిసార్లు తలుపు చూసుకుంటావ్" అన్నాడు అబ్బాయి.

నిజమే. బుధవారం కూడా పదిసార్లు చూసుకునే వెళ్ళాను.

తాళాల కొట్టంటే, రెండు గోడల మధ్య ఒక మనిషి పట్టేంత సందు. పైనుంచి తాళంచెవులు గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నాయి. ఆకురాయితో తాళంచెవి అరగదీస్తున్న మనిషి తలెత్తకుండానే అడిగాడు.

"ఏ తాళం పోయిందమ్మా? తలుపుదా, బీరువాదా?"

"తాళం కాదు నాయనా."

"తాళం పోకుండా నా దగ్గరికెవరూ రారే!"

"మీ అమ్మాయి మార్కుల సంగతి. నిన్న మీ ఫోనుకి ఒక మెసేజి వచ్చింది, అది తప్పు. మీ పిల్లకి డెబ్భై ఒకటి. ఇరవై ఒకటి కాదు."

ఆకురాయి ఆగింది. "మీరు టీచరమ్మా?"

"కాదు. టీచరు అత్తగారిని. ఆ మార్కులు నేను వేశాను."

ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూసి నవ్వాడు. ఎగతాళిగా కాదు, నమ్మలేక. "టీచరుగారి అత్తగారు మార్కులేస్తే మా పిల్ల తప్పిందా? ఇదెక్కడి బడమ్మా! ఇంకా నయం, వాళ్ళ మావగారు వెయ్యలేదు."

"ఆయన లేరు" అన్నాను. ఎందుకన్నానో తెలీదు.

నవ్వు ఆపేశాడు. స్టూలు తుడిచి ఇటు జరిపాడు. నేను కూర్చోలేదు.

"పిల్లని ఒక్కసారి పిలు నాయనా. నేనే చెబుతాను."

"పిల్ల లేదమ్మా. మా చెల్లెలితో ఊరెళ్ళింది."

చేతిలోని తాళంచెవిని అటూ ఇటూ తిప్పుతూ, ముక్కలు ముక్కలుగా చెప్పాడు. చెల్లెలు ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. పురుడు పోసుకుని మూడు నెలలయింది, మళ్ళీ పనికెళ్ళకపోతే తీసేస్తామన్నారు. పాపని చూసుకోవడానికి పిల్లని పంపమని శనివారం వచ్చి కూర్చుంది.

"నేను పంపనన్నా. మేడం మొన్న ఫోను చేసి డెబ్భై ఒకటి అన్నారు, సోమవారం బడికెళ్తుంది అన్నా. మూడ్రోజులు పోట్లాడుకున్నాం మేమిద్దరం. ఆడపిల్లకి అంత చదువెందుకంటే, నీకు లేకే గదే ఇట్లా ఏడుస్తున్నావ్ అని కూడా అన్నా. నిన్న మధ్యాహ్నం పిల్ల నాకు భోజనం తెచ్చింది. అప్పుడే ఫోను మోగింది. నాకు నంబర్లు తప్ప చదవడం రాదమ్మా. చదువు తల్లీ అని ఇచ్చా."

"తనే చదివిందా?"

"తనే చదివింది. గట్టిగా, బళ్ళో పాఠం చదివినట్టు మొత్తం చదివింది. చదివి ఫోను ఇచ్చేసింది. మా చెల్లెలక్కడే ఉంది. ఇంకేంట్రా అన్నయ్యా, వాళ్ళే వద్దంటున్నారుగా అంది. నేను పిల్ల మొహం చూశా. ఏదైనా అంటుందేమోనని. ప్రతిదానికీ ఎందుకు ఎందుకని పీక్కుతినే పిల్ల, నిన్న ఎందుకని అడగలేదమ్మా. ఇంటికెళ్ళి బట్టలు తెచ్చుకుంది."

తలపైన తాళంచెవులు గాలికి ఒకదానికొకటి తగులుతున్నాయి. అప్పుడు స్టూలు మీద కూర్చున్నాను.

"పిలిపించు నాయనా. తప్పు నాదని చెప్పు. ఫోనివ్వు, నేనే చెబుతా."

"చెల్లెలి ఫోను పనిలో ఉండగా మోగదమ్మా. రాత్రికి చెప్తాలెండి. పిలిపిస్తా. పాప కాస్త అలవాటు పడనీండి, పది రోజుల్లో పిలిపిస్తా."

మంచివాడు. అబద్ధమాడుతున్నానని ఆయనకే తెలీదు. బతిమాలాను. సోమవారానికే పిలిపించమన్నాను. "నిన్న పంపి ఇవాళ రమ్మంటే మా చెల్లెలు నా మొహాన ఉమ్మేస్తుంది. దాని ఉద్యోగం పోతుంది గదమ్మా" అన్నాడు. ఆ చెల్లెలి మీద కోపం తెచ్చుకుందామనుకున్నాను, రాలేదు. ఆవిడ పాపని చూసుకోవడానికి ఆ ఇంట్లో తీరిగ్గా కూర్చున్న మగవాడు ఎవరైనా ఉన్నాడా అని అడగాలనిపించింది. ఆ మాట అడగడానికి నాకు మాత్రం ఏం అర్హతుంది, అలాంటివాణ్ణి ఒకణ్ణి కని పెంచినదాన్ని.

ఇంటికి వచ్చేసరికి అబ్బాయి గుమ్మంలో ఉన్నాడు. "ఎక్కడికెళ్ళిపోయావమ్మా, ఆఫీసుకి టైమవుతోంది, ఏమీ వండలేదు."

"ఆ మార్కులు నువ్వు ఎక్కించాల్సింది రా" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "నీకు పది నిమిషాల పని. నీకు ఆ గడుల సంగతి తెలుసు. నాకు తెలీదు."

"నేనేం చేశాను? ఏదో ఒకటి పెట్టమన్నా. సున్నాలు పెట్టమన్నానా?"

అదీ నిజమే. వాడెప్పుడూ ఫలానాది పెట్టమని తేల్చి చెప్పలేదు. వాళ్ళ నాన్న కూడా కిటికీ చూడమనేవాడే గాని, తుడవమని ఏనాడూ నోరు తెరిచి అడగలేదు.

కోడలు చెప్పిన రోజుకే, పదకొండో రోజున వచ్చింది. శిక్షణ మధ్యలో వదిలి రాలేదు, అది మాత్రం నేను పట్టుబట్టి సాధించాను. అక్కడ ఆఖరి రోజున లేచి నిలబడి, సగటు పడిపోతే కబురు పంపే సాఫ్ట్‌వేరు లేస్తే ఎందుకు పంపదని అడిగిందట. "ఇంతవరకు ఎవరూ అడగలేదు మేడమ్, రాసుకున్నాం" అన్నారట. నన్ను ఒక్క మాట అనలేదు. ఒక్కటైనా అంటే బాగుండునని నేను తన వెనకే తిరిగాను. వంటింట్లో, పెరట్లో. చివరికి బట్టలు ఆరేస్తూ, "నన్ను తిట్టవే" అన్నాను.

"నన్ను నేను తిట్టుకోవడం అవ్వాలిగా ముందు. బడి పని ఇంటికి మోసుకొచ్చింది నేను. అది మీ చేత మోయించిందీ నేనే. జీతం నాది, పేరు నాది. మీకేమిచ్చాను?"

"కూర్చోమన్నావుగా" అన్నాను.

తను నోట్లోని క్లిప్పు తీసి, నా చేతిలోని తడి తువ్వాలు అందుకుని ఆరేసింది.

హెడ్మాస్టరు దగ్గరికి ఇద్దరం వెళ్ళాం. తండ్రికి బడి తరఫున తప్పయిందని ఒక ఉత్తరం ఇమ్మని అడిగాం. ఆయన నన్ను చూసి, కోడల్ని చూసి, తలుపు మూయించాడు. "సిస్టంలో పొరపాటని నోటిమాటగా చెప్పుకుందాం గాని, ఇంట్లో పెద్దావిడ చేత మార్కులు వేయించారని కాగితం మీద పెడితే ముందు మీ ఉద్యోగం పోతుంది మేడమ్. ఏదో పిల్ల బంధువులింటికి వెళ్ళింది. వస్తుంది. ఎందుకింత రాద్ధాంతం?"

ఇంటికి వచ్చి, నేనే రాశాను.

నాకు చదవడం వచ్చుగాని రాయడం రాదు. అంగడి చీటీ కూడా నోటితోనే చెప్పేదాన్ని. అక్షరాల రూపు తెలుసు, చెయ్యి తిరగదు. ఒక ఉత్తరానికి నాలుగు మధ్యాహ్నాలు పట్టింది. కోడలు సాయం చేస్తానంది, వద్దన్నాను. వంట ఆలస్యమైంది. అబ్బాయి రెండుసార్లు సణిగాడు, మూడోరోజు తనే ఏదో కాల్చుకుని తిన్నాడు. ఉత్తరంలో ఎక్కువేం లేదు. 'అమ్మాయీ, నేను మీ టీచరు అత్తగారిని. నీ గడుల్లో సున్నాలు నేను పెట్టాను. నువ్వు రాయని పరీక్షకి సున్నా పెట్టకూడదని నాకు తెలీదు. ఆ సున్నాలు నావి, నీవి కావు. నీ సగటు డెబ్భై ఒకటి. ఎవరేమన్నా ఎందుకని అడుగు. బడికి రా.' ఆ పిల్లకి నన్ను అడిగే అవకాశం ఉండాలని కింద మా ఇంటి అడ్రసు రాశాను. తాళాలాయన చెల్లెలి అడ్రసు చెప్పాడు, కోడలు పోస్టు చేసింది. నెల తర్వాత ఇంకోటి రాశాను. దానికి రెండు మధ్యాహ్నాలే పట్టింది.

డిసెంబరులో ఒకసారి కోడలు ఫోనులో పిల్ల గొంతు విన్నాను. వెనకాల పాప ఏడుస్తోంది. ఉత్తరం అందిందంది. "పాప పాకడం మొదలెట్టాక వస్తా మేడమ్" అంది. ఫిబ్రవరిలో, నడక వచ్చాక వస్తానంది. తర్వాత ఆ నంబరు మారిపోయింది. ఆ నెలాఖరున తాళాలాయన కొట్టు మూసుకుని, పెళ్ళాంతో కలిసి చెల్లెలుండే ఊరికే వెళ్ళిపోయాడు.

కోడలు ఇప్పుడు బడి పని ఇంటికి తేదు. బళ్ళోనే కూర్చుని పూర్తి చేసి చీకటి పడ్డాక వస్తుంది. మా అబ్బాయికి అది నచ్చలేదు. నచ్చకపోయినా పొయ్యి వెలిగించడం నేర్చుకున్నాడు. నేను మధ్యాహ్నాలు రాయడం సాధన చేస్తున్నాను. ఇప్పటికీ కాలు నిలవదు. పోస్టు వచ్చే వేళకి గుమ్మానికీ కిటికీకీ మధ్య తిరుగుతాను.

ఆ బడి ఏడాది ఆఖరిదాకా ఇరవై ఏడో వరుస అలాగే ఉంది. ఏడు గడులు ఖాళీగా, చివర డెబ్భై ఒకటి. ఏప్రిల్ ముప్ఫైన బడి ఆఫీసువాళ్ళు దాన్ని తీసేశారు. నవంబరు పంతొమ్మిది, మంగళవారం సాయంత్రం నాలుగున్నర బస్సుకి మేనత్తతో వెళ్ళిన తాళాలాయన కూతురు తిరిగి రాలేదు.